తాళంచెవి లేకుండా మంగత్త

మా మేనత్త అలివేలుమంగకు యాభై రెండేళ్ళు. పుదుచ్చేరి పెద్ద మార్కెట్టు వెనక వీధిలో మా తాత పెట్టిన బీగాల కొట్టులో ముప్పై ఏళ్ళుగా కూర్చుంటోంది. సరుకు తెచ్చేది మా నాన్న సుబ్రమణ్యం, అమ్మేది అత్త. ఏ తలుపుకు ఏ బీగం సరిపోతుందో తలుపు చూడకుండానే చెబుతుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "సూసేదానికి వచ్చినోళ్ళంతా బీగం కొనుక్కొని పోయినారు" అంటుంది. అది వేళాకోళమో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె కుర్చీ వెనక గోడకు ఒక టేకు పలక ఉంది. దానికి ఇరవై ఆరు మేకులు, ఒక్కో మేకు కింద తాత రంగుతో వేసిన అంకె. వీధిలోవాళ్ళు తమ ఇంటి రెండో తాళంచెవిని అక్కడ తగిలించి పోతారు. మొదటిది ఎక్కడైనా పోతే వచ్చి తీసుకుంటారు. తాత పెట్టిన నియమం ఒకటే: తగిలించేదీ తీసేదీ ఇంటివాళ్ళ చెయ్యే, కొట్టువాళ్ళ వేలు తగలకూడదు. పలకకు దుమ్ము తుడిచేటప్పుడు కూడా అత్త తాళంచెవుల చుట్టూ తుడుస్తుంది తప్ప వాటిని కదపదు. "బీగాలు ఎవురైనా అమ్ముతారు. ఆ పలకే మన కొట్టు" అంటాడు నాన్న.

వీధిలో సగం ఇళ్ళు తెరిచే తాళంచెవులు వీపు వెనకే పెట్టుకున్న మనిషికి, తాళంచెవి లేకుండా బీగం తెరవాలన్న కోరిక ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పలేరు. ఆమె అసలే చెప్పలేదు.

పోయిన వేసవిలో ఒకాయన తాళంచెవి పోయిన బీగాన్ని తెచ్చి, దానికి బదులు కొత్తది కొనుక్కొని, పాతదాన్ని బల్ల మీదే వదిలేసి వెళ్ళాడు. అత్త నాలుగు రోజులు దాన్ని అటూ ఇటూ జరుపుతూ గడిపింది. అయిదో రోజు నన్ను పిలిచింది.

"దీని లోపల ఏముండాది పాపా?"

"నన్నడుగుతావేంది అత్తా? అమ్మేది నువ్వు కదా."

"అమ్మేదానికి లోపల యాల తెలియాల?" అంది. బీగాన్ని తిరగేసి, "ముప్పై ఏండ్లు. ఒక్కదాని కడుపు గూడా సూడలేదే" అంది, ఎవరో తనను మోసం చేసినట్టు.

ఫోన్‌లో వెతికి చూపించాను. ఎవరో విదేశీయుడు సన్నని ఉక్కు పుల్లలతో బీగాలు తెరుస్తున్నాడు.

"దొంగా?"

"కాదంట. సరదాకి చేస్తాడంట. మనోళ్ళు చదరంగం ఆడరా, అట్లా."

"తెరిసి ఏం చేస్తాడు?"

"మళ్ళీ మూసేస్తాడు."

అత్తకు అది ఎంతకీ అర్థం కాలేదు. అర్థం కాకపోవడం వల్లనే అనుకుంటాను, మర్నాడు అలాంటి పుల్లలు తెప్పించమని అడిగింది. పొట్లంలో ఎనిమిది పుల్లలు, అభ్యాసానికి ఒక గాజులాంటి ప్లాస్టిక్ బీగం వచ్చాయి. నాన్న వాటిని చూసి, "ఏంది మంగా, పండ్ల డాక్టరు పని ఎత్తుకున్నావా?" అని నవ్వి వదిలేశాడు.

వీడియోలో చెప్పేది నేను తెలుగులో చెప్పేదాన్ని. వంగిన పుల్లతో కొంచెం తిప్పినట్టు పట్టుకోవాలి, రెండో పుల్లతో లోపలి చిన్న మేకులను ఒక్కొక్కటే పైకి ఎత్తాలి. నేను చెబుతున్నది సరో కాదో నాకే తెలియదు. ఎంత తిప్పాలి అంటే 'కొంచెం' అనేవాడాయన. ఎంత కొంచెం అని అత్త నన్ను అడిగేది. ప్లాస్టిక్ బీగంలో మేకులు కంటికి కనబడేవి. అయినా ఒకటి ఎత్తితే ఇంకొకటి జారేది. "పాలు పొంగేటప్పుడే పిల్లోడు ఏడ్సినట్టు ఉండాదే" అనేది, రెంటిలో దేన్ని పట్టుకోవాలో తెలియక.

పంతొమ్మిదో రోజు, ఆ పెద్దమనిషి వదిలేసిన బీగం తెరుచుకుంది. అత్త సంతోషపడలేదు. తప్పు చేసినట్టు చుట్టూ చూసి, టక్కున మూసేసింది. మళ్ళీ తెరవడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. మొదటిసారి ఏం చేసిందో ఆమెకు గుర్తు లేదు.

మధ్యాహ్నం రెండింటికి మార్కెట్టు సద్దుమణిగాక కొట్టు మెట్ల మీద కూర్చుని సాధన చేసేది. ఒకరోజు ఎదురింటి లోకేశ్వరి అక్క అటు వచ్చింది. బళ్ళో టీచరుగా పని చేసి రిటైరైన మనిషి, ఒక్కతే ఉంటుంది. పలక మీద పద్నాలుగో మేకు ఆమెది.

"ఏంది మంగా, సావి పోగొట్టుకున్నావా?" తాళంచెవిని మా వీధిలో సావి అంటారు.

"లేదక్కా. సావి లేకుండా తెరుస్తా ఉండా."

"ఎవురి బీగం?"

"ఎవురిదో."

అబద్ధం ఒక్కటి కూడా లేదు. లోకేశ్వరి అక్క కొనడానికి వచ్చిన కొక్కెం కొనకుండానే వెళ్ళిపోయింది. సాయంత్రం మళ్ళీ వచ్చి, పద్నాలుగో మేకు మీది తాళంచెవిని తీసుకుంది. వారంలో ఇంకో పదకొండు పోయాయి. ఒకరు కొడుకు వస్తున్నాడన్నారు, ఒకరు తలుపు మారుస్తున్నామన్నారు. నాన్న ఖాళీ మేకులను చూసి అత్తతో మాట్లాడడం మానేశాడు.

"సావులు నా ఎనకే ఉండాయి కదా పాపా, ముప్పై ఏండ్లుగా. దొంగిలించాలంటే ఈ పుల్లలు యాల నాకు?" అని అత్త నన్నడిగింది. పుల్లలను సంచిలో కట్టి అల్మారాలో పెట్టింది. మూడు రోజులకు మళ్ళీ తీసింది.

తమిళుల ఆడి మాసంలో, సముద్రం ఒడ్డున వీరాంపట్టినం అమ్మవారి రథోత్సవానికి పోయిన లోకేశ్వరి అక్క ఆ జనంలో చేతిసంచి పోగొట్టుకుని వచ్చింది. ఇంటి తాళంచెవి అందులోనే ఉండింది. రెండోది? మా మేకు మీంచి తీసుకుపోయి తన ఇంట్లో పూజగూట్లో పెట్టుకుంది. మధ్యాహ్నం మూడింటికి, కాళ్ళకింకా ఇసక ఉండగానే, తన గుమ్మం ముందు నిలబడి అటూ ఇటూ చూసింది. చివరకు వీధి దాటి కొట్టుకు వచ్చింది.

"మంగా, నీకు వస్తాది కదా. తెరువు."

నాన్న లేచాడు. "మనం అమ్మేవాళ్ళం. తెరిసేవాళ్ళం కాదు."

అత్త నా వైపు వంగి గొంతు తగ్గించి, "తెరిస్తే మిగిలిన సావులు గూడా పోతాయి. తెరవకపోతే ఈమె యాడ నిలబడాల?" అంది. అత్త పుల్లల సంచి తీసుకుని వీధి దాటింది. ఆమె మొహంలో తెరవాలన్న ఆశ మాత్రం స్పష్టంగా కనిపించింది.

పదిమంది గుమిగూడారు. అత్త వంగిన పుల్ల పెట్టింది, రెండోది దూర్చింది, కళ్ళు మూసుకుంది. పావుగంట గడిచింది. చెమట ముక్కు మీంచి బీగం మీద పడింది.

"మేకులు యాడ పాపా? గోడే తగులుతా ఉండాది."

అప్పుడు నాకు తట్టింది. లోకేశ్వరి అక్క తాళంచెవికి రంపపు పళ్ళుండవు. గుండ్రటి కడ్డీ, చివర జెండాలా చిన్న రేకు. మా కొట్టులోనే కొన్న ఏడు లివర్ల బీగం అది. వీడియోలవాడు తెరిచేది వేరే జాతి బీగాలు. రెండు జాతులనూ మూడు తరాలుగా పక్కపక్కన వేలాడదీసి అమ్ముతున్నాం. లోపల తేడా ఉంటుందని మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. నేను చెప్పాను. అత్త వినలేదో, వినదలుచుకోలేదో, ఇంకో అరగంట పోరాడింది.

"మంగక్కా, బీగానికి సక్కిలిగిలి పెడతా ఉండావా?" అన్నారెవరో. అందరూ నవ్వారు. ఒక పుల్ల విరిగింది. అత్త లేచి నిలబడింది.

"నాకు రాలేదక్కా" అంది లోకేశ్వరి అక్కతో.

చివరికి నాన్న రంపపు బ్లేడు తెచ్చి గొళ్ళేన్ని కోశాడు. తలుపు తెరుచుకుంది, బీగం మాత్రం గొళ్ళెం ముక్కతో సహా మూసుకునే ఉంది. నాన్న దాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు. "మంగ గూడా తెరవలే! బీగమంటే ఇది!" అన్నారు గుమిగూడినవాళ్ళు. మంగ ఎప్పుడు అంత గొప్ప దొంగయిందో నాకు అర్థం కాలేదు.

మర్నాటి నుంచి తాళంచెవులు తిరిగి రావడం మొదలైంది. వచ్చినవాళ్ళు అత్తను చూసి నవ్వుతూ తమ మేకుకు తగిలించి పోయేవాళ్ళు. నాన్న మాటలు కూడా తిరిగి వచ్చాయి. అత్త మాత్రం నవ్వాలో ముడుచుకోవాలో తెలియనట్టు కూర్చునేది.

"నాకు రాదని నమ్మి పెడతా ఉండారు. నా మీద నమ్మకం కాదు కదా ఇది?"

"మరి పలక నిండింది కదత్తా."

"నిండింది" అంది. ఆ గొంతులో ఏముందో నేను పట్టుకోలేకపోయాను. నిండలేదు కూడా. లోకేశ్వరి అక్క అదే రకం బీగం మా దగ్గర కొత్తది కొన్నా, దాని రెండో తాళంచెవి తేలేదు; పద్నాలుగో మేకు ఖాళీగానే ఉంది.

వారం తర్వాత అత్త తట్టాంచావడి పారిశ్రామికవాడకు ఆటోలో పోయింది. అక్కడ లేతు షెడ్డులో పని చేసే కుమరేశన్ మాకు దూరపు చుట్టం. లోకేశ్వరి అక్క ఇంటికి వేసినటువంటి బీగమే ఒకటి కొట్టులోంచి తీసుకుపోయి, దాని ఒక పక్క రేకును కోయించింది. "కొత్త బీగం పిన్నీ, పాడు చేస్తావేంది?" అని అతను రెండుసార్లు అడిగాడట.

ఆ కోసిన బీగాన్ని ఆమె దాచలేదు. కొట్టు బల్ల మీద, వచ్చేవాళ్ళకు కనబడేలా పెట్టింది. లోపల ఒకదాని మీద ఒకటి ఏడు ఇత్తడి పలకలు, ఒక్కోదానికీ ఒక స్ప్రింగు. నేను పక్కనే ఉండగా లోకేశ్వరి అక్క వచ్చింది.

"ఏందిది?"

"నీ బీగం కడుపక్కా."

"మళ్ళీ నేర్సుకుంటా ఉండావా?"

అత్త కోసిన బీగాన్ని ఆమె వైపు తిప్పింది. నాన్న లెక్క చూస్తున్నవాడల్లా తలెత్తాడు. "తెలియడంలే అక్కా. సూస్తా ఉండా" అంది అత్త.

"నేర్సుకుంటే?"

"మొదట నీకే చెప్తా. నీ ఎదురుగానే తెరుస్తా."

లోకేశ్వరి అక్క పై పలకను వేలితో నొక్కి వదిలింది. అది టక్కున ఎగిరింది. ఇంకోసారి నొక్కింది. తర్వాత కొంగుముడి విప్పి తన కొత్త బీగం రెండో తాళంచెవి తీసి, అత్త కుర్చీ వెనక్కి పోయి, పద్నాలుగో మేకుకు తగిలించింది. అత్త తిరిగి చూడలేదు. ఆ చప్పుడు మాత్రం విన్నది.

లోకేశ్వరి అక్క వెళ్ళిపోలేదు. ముక్కాలి పీట లాక్కుని బల్ల దగ్గర కూర్చుంది.

"దీన్ని నొక్కితే అది యాల కదలదు మంగా?"

"అదే నాకూ తెలియడంలే" అంది అత్త.