ప్యాడ్లలో బియ్యం

కెరాణి మావయ్య పోయారని పోయిన బుధవారం పొద్దున వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. బంటింగ్‌లో, సొంత ఇంట్లో, కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్ళిపోయారట. ఎనభై దాటిన మనిషి, ఎవరిచేతా చాకిరీ చేయించుకోలేదు, పుణ్యాత్ముడు అని అందరూ అన్నారు. నేనూ అన్నాను. క్లాంగ్‌లో బస్సెక్కి కూర్చున్నాక మాత్రం నా సంగతి గుర్తొచ్చింది. ఆయన బతికున్నంతకాలం నాకింకా టైముందిలే అనుకుంటూ వచ్చాను. ఆ టైము అయిపోయింది.

మా మలేసియా తెలుగు సంఘం సంచికవాళ్ళు ఆయన గురించి రాసిమ్మన్నారు. పిల్లల హాకీ జట్లకి ఎన్ని కప్పులు గెలిపించారు, ఎవరెవరిని ఆటగాళ్ళను చేశారు, ఎవరు ఎంతదాకా వెళ్ళారు, అవి రాస్తే చాలన్నారు. రాస్తాను. కానీ ఆయన మీద ఒక నింద ఉంది. మా రబ్బరు తోటలో పుట్టిన పాతవాళ్ళెవరినడిగినా చెబుతారు, కెరాణి ఒక కుర్రాణ్ణి టీములోంచి తీసేసి వాడి చావుకి కారణమయ్యాడని. ఆ నిందలో సగం నాది. ఆయన మొత్తం మోశారు. కప్పుల సంగతి తర్వాత. ముందు దాన్ని ఆయన మీంచి దించాలి.

ఆయన మాకు చుట్టం కాదు. తోట ఆఫీసులో గుమాస్తా, అంటే ఇక్కడి మాటలో కెరాణి. మా నాన్న రబ్బరు పాలు తూచే గుమాస్తా. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ, అందుకని మావయ్య. తెల్లవారకముందే ఆఫీసు ముందు కూలీలు వరసగా నిలబడితే ఆయన పేర్లు పిలిచేవారు. దాన్ని పెరట్టు అనేవాళ్ళం. ఆయన గొంతుతోనే మాకు తెల్లారేది. సన్నగా ఉండేవారు, చెవి మీద పెన్సిలు, సైకిల్ చైనుకి తగలకుండా పంట్లాము అంచుకి క్లిప్పు. సైకిల్ దిగాక కూడా ఆ క్లిప్పు తీయడం మరిచిపోయేవారు. వాళ్ళ పెళ్ళి ఫోటోలో కూడా ఆ క్లిప్పు ఉందని అత్తయ్య దెప్పేది.

అవి మలయాలో ఎమర్జెన్సీ రోజులు, తెల్లవాళ్ళ సర్కారు అడవిలోని కమ్యూనిస్టులతో పోరాడుతున్న కాలం. అడవిలో ఉన్నవాళ్ళకి తిండి అందకూడదని సర్కారు మా ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేసింది. ఒకటే గేటు. బయటికెళ్ళే ప్రతి మనిషినీ తడిమి చూసేవారు. గుప్పెడు బియ్యం కూడా దాటకూడదు. చెట్లు గీయడానికి వెళ్ళేవాళ్ళు మధ్యాహ్నం వచ్చేదాకా ఖాళీ కడుపే. సాయంత్రం సైరన్ కూశాక కంచె దగ్గర ఎవరు కనిపించినా కాల్చేవారు. మావాళ్ళు కూడా కొందరు అడవిలోకి వెళ్ళారు. నా ఈడు కుర్రాడు సింహాచలం వాళ్ళ అన్న వెళ్ళాడు. తోటలో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తేవారు కాదు.

ఆ కంచె లోపల మేము పిల్లలం కోళ్ళలా కొట్టుకు చస్తుంటే, మావయ్య వెళ్ళి తోట మేనేజరు దొరని బతిమాలారు. మైదానం గేటు బయట ఉంది. వారానికి మూడు సాయంత్రాలు పిల్లల్ని బయటికి తీసుకెళ్తాను, హాకీ నేర్పిస్తాను, పూచీ నాది అన్నారు. ఒప్పందం ఏమిటంటే పదకొండు మంది, ఒక అదనపు ఆటగాడు, పన్నెండు పేర్లు కాగితం మీద రాసి ఆయన సంతకం పెట్టి గేటులో ఇవ్వాలి. లెక్కపెట్టి పంపుతారు, లెక్కపెట్టి తీసుకుంటారు. కాగితంలో పేరు లేనివాడికి బయట పని లేదు.

జామకొమ్మల్ని నిప్పు సెగన వంచి కర్రలు చేశాం. గోల్‌కీపర్ ప్యాడ్లు అత్తయ్య కుట్టింది, గోనెసంచుల్లో బూరుగుదూది కూరి. కాళ్ళకి బూట్లు లేవు. ఒకసారి ఆట మధ్యలో చప్పరించడానికి మావయ్య ఆరు నిమ్మకాయలు పట్టుకొస్తే గేటు దగ్గర మలాయ్ కాపలాదారు ఆపేశాడు. నిమ్మకాయ తిండా కాదా అని ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. చివరికి ఒక కాయ అతనికి, అయిదు మాకు. పన్నెండుమందికి అయిదు కాయలు కోసిన ఆ నేర్పు చూడాలి మీరు.

ఆయన మాటలు కొన్ని నాకిప్పటికీ నోటికొచ్చు. బంతి నీ దగ్గరికి రావాలని కూర్చోకు, నువ్వే ఎదురెళ్ళు అనేవారు. గెలిచి మేము గంతులేస్తుంటే, "మెల్లిగా అరవండ్రా, ఓడినోడికీ సెవులుంటాయి" అనేవారు.

మా గోల్‌కీపర్ సింహాచలం. పదిహేనేళ్ళు, కలుపు తీసే గుంపులో కూలి. పెద్ద చేతులు. వాడుంటే గోలు వెయ్యడం ఎవరి తరమూ కాదు. ఆ అదనపు ఆటగాణ్ణి నేను. నాకు పద్నాలుగు. వాడికి జ్వరమైనా రాదేమిటా అని ఎదురుచూస్తూ, వాడి ప్యాడ్లు మొయ్యడం నా పని. జిల్లా పిల్లల కప్పులో బూట్లేసుకున్న బళ్ళ జట్లను రెండింటిని ఓడించి ఫైనలుకొచ్చాం. వచ్చే శనివారం ఆట.

ఫైనలుకి ముందు వారం నుంచే సింహాచలం ప్యాడ్లు నాకివ్వడం మానేశాడు. ఇంటి దగ్గరే కట్టుకుని, బాతులా నడుచుకుంటూ గేటు దాటేవాడు. కాపలాదారు కూడా నవ్వేవాడు. బంతి రబ్బరు చెట్లలోకి పోతే నేనే తెస్తానని వాడే పరుగెత్తేవాడు. ఫైనలు వారం, సోమవారం సాయంత్రం, పట్టీ తెగిందని మైదానం అంచున ఒక ప్యాడు విప్పి పెట్టాడు. అలవాటుకొద్దీ ఎత్తాను. బరువు. కదిపితే లోపల సర్రుమని జారింది. చాటలో బియ్యం కదిలిన చప్పుడు ఏ ఇంట్లో పుట్టినవాడికి తెలియదు?

నేను మావయ్య దగ్గరికి వెళ్ళి చెప్పాను. సింహాచలానికి ఏమైనా అవుతుందేమోనని భయపడి చెప్పానని చాలా ఏళ్ళు నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పచ్చి అబద్ధం. శనివారం ఆడాలని చెప్పాను. అంతే.

ఆయన మొహంలో రక్తం లేదు. నా భుజం పట్టుకుని చాలా నెమ్మదిగా అన్నారు. "నువ్వు నాకేటీ సెప్పలేదు. నానేటీ ఇన్లేదు. మీ నాన్నకి కూడా సెప్పకు."

ఆట ఆపేసి, ప్యాడ్లు తన సైకిలు వెనక కట్టుకున్నారు. గేటులోంచి లోపలికి వచ్చేవాళ్ళని ఎవరూ తడమరు. బుధవారానికి ప్యాడ్లు తేలిగ్గా ఉన్నాయి, పక్కన కొత్త కుట్టు. కాగితంలో సింహాచలం పేరు లేదు. వాడి చోట నా పేరుంది.

గేటు దగ్గర అందరి ముందూ సింహాచలం అడిగాడు, నేనేం తప్పు చేశానని. మావయ్య కాగితంలోంచి తల ఎత్తలేదు. నీ చెయ్యి బాగాలేదు, ఇంటికెళ్ళమన్నారు. కారణం పైకి చెబితే పదిమంది చెవుల్లో పడుతుంది. పడితే వాడు జైలుకి, తల్లినీ చెల్లినీ సర్కారు ఓడెక్కించి ముక్కూ మొహం తెలియని ఇండియాకి పంపేస్తుంది. చెప్పకపోతే వాడి మొహాన ఉమ్మేసినట్టు. కక్కలేక మింగలేక ఆయన నిలబడ్డారు. సింహాచలం ఆయన్ని చూడలేదు. నన్ను చూశాడు. వాడికి తెలిసే చూశాడా, తన చోటు కొట్టేశానని చూశాడా, నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ చూపు మాత్రం నన్ను వదల్లేదు.

వాణ్ణి ప్రమాదంలోంచి తప్పించామనే ఆయన అనుకున్నారు. అదే మా పొరపాటు. బయట చెట్లలో ఒక అన్న ఆకలితో కాచుకుని ఉన్నాడు. కాగితంలో పేరున్నంతకాలం వీడికి గేటు ఉంది. మేము ఆ గేటు మూసేశాం. గురువారం సైరన్ కూశాక సింహాచలం కంచె కింద నుంచి దూరాడు.

తుపాకీ చప్పుడు అందరం విన్నాం. ఎవరన్నది ఎవరికీ తెలియదు. తెల్లారి పెరట్టులో మావయ్య పేర్లు పిలుస్తున్నారు. నేను అరుగు మీద పడుకుని వింటున్నాను. సింహాచలం అని పిలిచారు. పలుకు లేదు. మళ్ళీ పిలిచారు. మూడోసారి పిలిచినప్పుడు ఆ గొంతు ఆయనది కాదు. ఇప్పటికీ కొన్ని తెల్లవారుఝాముల్లో ఆ మూడో పిలుపుకే లేస్తాను, లేచి మా ఆవిడ ఏమిటంటే ఏమీ లేదంటాను.

పేర్ల పుస్తకం ఆయన దగ్గర ఉంటుంది కాబట్టి పోలీసులు ఆయన్నే తీసుకెళ్ళి శవాన్ని చూపించారు. మధ్యాహ్నం తిరిగొచ్చి నేరుగా ఆ తల్లి గుమ్మంలోకి వెళ్ళారు. ఏదో చెప్పారు. ఆమె మన్ను ఎత్తి పోసి తలుపేసుకుంది.

శనివారం ఫైనల్ ఆడాం. దొర ఆడమన్నాడు. నేను ఒక్క గోలు పోనివ్వలేదు. నా జీవితంలో నేను బాగా ఆడిన రోజు అదే, రాయడానికి సిగ్గేస్తోంది. కాళ్ళు కదిలినప్పుడల్లా ఆ తేలికైన ప్యాడ్లలో నాకు బియ్యం చప్పుడు వినిపించింది. కప్పు గెలిచాం. మా తోటకి వచ్చిన మొదటి కప్పు. ఎవరూ అరవలేదు.

మెర్డెకా, అదే మలయాకి స్వాతంత్ర్యం, వచ్చిన ఏడు మా వైపు కంచె తీసేశారు. స్వాతంత్ర్యం రోజు రేడియో అరుస్తుంటే, జెండాలు పట్టుకుని అందరూ మైదానానికి నడిచారు. గేటు ఉండే చోట మావయ్య ఆగిపోయి, వెళ్ళేవాళ్ళను వేలితో లెక్కపెడుతూ కనిపించారు. ఎవరూ అడగని లెక్క. అప్పుడు ఆయన దగ్గరికెళ్ళి నిజం చెప్పేశాను, ఆడాలనే నీకు చెప్పాను మావయ్యా అని. ఆయన లెక్క ఆపలేదు.

"తెలుసురా. పద్నాలుగేల్ల గుంటడికి ఆడాలనే ఉంటది. సెప్పింది నువ్వు, తీసింది నాను. ప్యాడు ఎత్తి సూసింది కూడా నానే అని ఆల్లమ్మకి సెప్పినాను. ఆ తల్లి తిట్టుకోడానికి ఒక మొకం సాల్లే."

నేను నోరు మూసుకున్నాను. నాకు హాయిగా అనిపించింది. యాభై ఏళ్ళు ఆ హాయిలోనే బతికాను.

తర్వాత ఆయన బంటింగ్‌కి మారి, బళ్ళలో పిల్లలకి హాకీ నేర్పారు. సంఘంవాళ్ళు అడిగిన కప్పులు వాళ్ళింటి అద్దాల బీరువాలో ఉన్నాయి, వెళ్ళి చూసుకోవచ్చు. రాష్ట్రానికి ఆడినవాళ్ళున్నారు, దేశానికి ఆడినవాడూ ఒకడున్నాడు. వాళ్ళంతా ఒకే మాట చెబుతారు. ప్రతి ఆటకీ ముందు ఆయన గోల్‌కీపర్ ప్యాడ్లు తన చేతులతో ఎత్తి, ఒకసారి కదిపి, చెవి దగ్గర పెట్టుకుని వినేవారట. పట్టీలు చూస్తున్నారనుకునేవాళ్ళం అన్నారు. ఒక్క పిల్లాణ్ణి కూడా కారణం చెప్పకుండా ఆయన జట్టులోంచి తీయలేదని కూడా అన్నారు. దీపావళికి మాత్రం ఏటా మిఠాయి పొట్లంతో ఆ తల్లి ఇంటికి వెళ్ళేవారు, పొట్లంతోనే తిరిగొచ్చేవారు.

బుధవారం నేను వెళ్ళేసరికి ఇల్లు నిండిపోయింది. నెరిసిన తలల ఆటగాళ్ళు, కర్రలు, దండలు. ప్రసంగాలు కూడా మొదలయ్యాయి. గేటు బయట, ఎండలో గొడుగేసుకుని ఒక పెద్దావిడ నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపుతోంది. మొహం చూడగానే పోల్చాను. సింహాచలం చెల్లెలు. హుటాన్ మెలింటాంగ్ అనే ఊళ్ళో ఇచ్చారు, అంతదూరం నుంచి బస్సులు మారి వచ్చింది.

"ఈల్ల గడప తొక్కొద్దని మా అమ్మ ఒట్టేయించుకున్నాది అన్నియ్యా. ఆ పాపిస్టోడే ప్యాడు ఎత్తి సూసినాడని సచ్చేదాకా తిట్టినాది. మరి నానెందుకొచ్చినానో నాకే తెల్దు."

చెప్పకుండా ఉండొచ్చు. ఆయన లేరు, తల్లి లేదు, అడిగేవాళ్ళు లేరు. ఆ వెసులుబాటు కూడా ఆయనే ఇచ్చి వెళ్ళారు. ప్యాడు ఎత్తింది నేనమ్మా, చెప్పింది నేను, వాడి చోట ఆడాలని చెప్పాను అన్నాను. మావయ్య మీ అన్న ప్రాణం కాపాడాలనే తీశారని కూడా చెప్పాను.

ఆమె తిట్టలేదు. నా చేతులకేసి చూసింది. 

"మా అన్నకి తెలుసా, నువ్వని?"

నాకు తెలియదు అన్నాను.

ఆమె గొడుగు మూసి, ఎక్కడ పెట్టాలో తెలియక నా చేతికిచ్చింది. చెప్పులు విప్పి, గడప దాటి లోపలికి వెళ్ళింది. జనం తప్పుకుని దారిచ్చారు. కాసేపటికి ప్రసంగం ఆగిపోయింది, ఆమె ఏడుపు వినిపించింది. చిన్నప్పుడు పిలిచినట్టే మావయ్యా అని పిలిచి ఏడుస్తోంది.

నన్నెవరూ ఆపలేదు, నేనే లోపలికి వెళ్ళలేదు. మూసిన ఆ గొడుగు పట్టుకుని, గేటు బయట ఎండలో నిలబడ్డాను.