పెద్దావిడ గడ్డి మీద కూర్చున్న సాయంత్రం

కడప నుంచి వచ్చి మస్కట్‌లో ఈ ఇంట్లో పనికి చేరి ఆరేళ్లయింది. మేడం వాళ్లమ్మకు మోకాళ్లు పట్టేశాక చక్రాల కుర్చీ తప్పలేదు. ఆ పెద్దావిడను చూసుకోవడం నా డ్యూటీ. ఇక్కడ అమ్మను మామా అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. మా ఇద్దరి మధ్య మాట సగం అరబీ, సగం హిందీ.

ఇంటికి దగ్గర్లోనే పెద్ద పార్కు ఉంది. మేడం పిల్లల వెనక ఎన్నిసార్లు వెళ్లానో చెప్పలేను. వాళ్లు జారుడుబండ మీంచి పడకుండా చూడడం, చెప్పులు వెతకడం, నీళ్ల సీసాలు మోయడం. అక్కడ చెట్లున్నాయని తెలుసు గానీ, ఏం చెట్లని అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

పోయిన చలికాలం ఆ పార్కులో సంగీతోత్సవం పెట్టారు. అందరం వెళ్లాం. మేడం పిల్లలను తీసుకుని వేదిక దగ్గరికి పోతూ, “జనంలోకి కుర్చీ రాదు, మీరిద్దరూ ఇక్కడే ఉండండి” అంది. కాలిబాట పక్కన కుర్చీ ఆపాను. డోళ్లు మొదలయ్యాయి. పెద్దావిడ వేళ్లు కుర్చీ చేతిమీద ఆడసాగాయి.

“నన్ను గడ్డి మీదికి దించు,” అంది.

“వద్దు మామా, మేడం అరుస్తుంది.”

“ఆ మేడంను కన్నది నేనే.”

ఏం చెయ్యాలో తోచక, “దేవుడా, ఈమెను నేనొక్కదాన్నే యెట్ల దించేది!” అని తెలుగులో గొణుక్కున్నాను. నీళ్ల గొట్టం చుట్టుకుంటూ పోతున్న తోటమాలి ఠక్కున ఆగాడు. నడివయసు మనిషి.

“తెలుగోళ్లా అక్కా? మాది జగిత్యాల. ఆడ దించకుండ్రి, ఇప్పుడే నీళ్లు వెట్టిన. గీ యాపచెట్టు కింద పొడిగున్నది.”

అతను కుర్చీ కదలకుండా పట్టుకుని, మర్యాదగా మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను ఆమె చంకల కింద చేతులేసి మెల్లగా దించాను. కూర్చోగానే ఆమె చెప్పులు వదిలేసి, రెండు అరచేతులూ గడ్డికి ఆనించింది.

“నువ్వూ కూర్చో.”

“పర్లేదు మామా, నిలబడతాను.”

“అడ్డంగా నిలబడితే నాకేం కనబడుతుంది? కూర్చో.”

కూర్చున్నాను. గడ్డి చల్లదనం బట్టల్లోంచి తగిలింది. దూరంగా గోధుమరంగు కొండలు, మధ్యలో ఇంత పచ్చదనం. కొమ్మల్లోంచి గాలితోపాటు పాట వస్తోంది. పక్కన చాప పరుచుకున్న ఇద్దరు ముసలివాళ్లు ఖర్జూరాలు, కాఫీ తెచ్చి మా దగ్గర చేరారు. ముగ్గురూ చప్పట్లు కొడుతూ, పడవలు తిరిగొచ్చినప్పుడు పాడే పాటట, అందుకున్నారు. పెద్దావిడ గొంతు బొంగురుగా ఉన్నా తాళం తప్పలేదు.

అయిపోయాక నా వైపు తిరిగి, “ఇప్పుడు నీది,” అంది.

సిగ్గుపడుతూనే, శనక్కాయలు పీకేటప్పుడు మా అమ్మ పాడే పాట ఎత్తుకున్నాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ముగ్గురూ చప్పట్లతో నా వెంట వచ్చారు. ఈ దేశం వచ్చాక నోరు తెరిచి పాడింది అప్పుడే.

అంతలో మేడం వచ్చింది. “వల్లా! అమ్మను నేల మీద కూర్చోబెట్టావా?”

గబుక్కున లేవబోయాను. పెద్దావిడ నా మణికట్టు పట్టుకుంది. “నేనే కూర్చున్నాను. నువ్వూ చెప్పులు విప్పి రా.”

మేడం మా నలుగురినీ మార్చి మార్చి చూసింది. తర్వాత నవ్వేసి, నల్ల అబాయా సర్దుకుని తల్లి పక్కన కూలబడింది. పిల్లలు గడ్డిలో పొర్లారు. పొద్దుగూకి మసీదు నుంచి మగ్రిబ్ నమాజు పిలుపు వినబడేదాకా ఎవరం లేవలేదు.

ఉత్సవం అయిపోయినా మా రాకపోకలు ఆగలేదు. వారానికి రెండు సాయంత్రాలు మేడమే, “అమ్మను పార్కుకు తీసుకెళ్లు,” అంటుంది. ఆ రోజు ఏ వైపు గడ్డి పొడిగా ఉందో జగిత్యాల తమ్ముడు చేయి ఊపి చూపిస్తాడు. ఏ వేపకు పూత ముందు వస్తుందో ఇప్పుడు నాకు తెలుసు.

మొన్న శుక్రవారం నాకు సెలవు. ఒక్కదాన్నే వెళ్లి, కాళ్లు చాపుకుని గంటసేపు ఊరికే కూర్చుని వచ్చాను. ఆ సంగతి తెలిసి పెద్దావిడ అలిగింది. రెండుసార్లు టీ పెట్టి ఇస్తే గానీ నాతో మాట్లాడలేదు.