పసుపు పెట్టిన రిమోట్

మా అబ్బాయి పవర్‌లూమ్ వదిలి టవళ్ల కార్ఖానా నడిపే శేట్ దగ్గర కారు డ్రైవరుగా చేరింది చెవి కోసం. పదేళ్లు ఆ మోతలో నిలబడితే వాడి ఎడమ చెవి పోయింది. ఇంకా మగ్గాల మధ్యే ఉంటే కుడిది కూడా దక్కదని డాక్టర్ కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితాన్ని నేను దేవుడి పటం వెనక పెట్టాను. డ్రైవరు పని దొరికిన రోజున ఇంట్లో తీపి వండలేదు. పనికి పోతే చాలు, పండగ ఎందుకన్నాను. నేను అట్లాంటిదాన్నే.

ఇది తొంభైల నడిమి మాట. షోలాపూర్‌లో అశోక్ చౌక్ వెనక గల్లీలో మా ఇల్లు. నేను బీడీలు చుట్టేదాన్ని. నా బడి రెండో తరగతితో ఆగిపోయింది, అదీ మరాఠీ బడి. తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకున్నవే, తప్పులుంటే చదివేవాళ్లు సర్దుకోవాలి.

శేట్ కొత్త కారుకు పుణెలో రిమోట్ తాళం పెట్టించుకొచ్చాడు. అగ్గిపెట్టెలో సగమంత నల్లటి బిళ్ళ, దాని మీద రెండు రబ్బరు బటన్లు. ఒకటి నొక్కితే నాలుగు తలుపులూ టక్కున మూతపడేవి, దీపాలు ఒకసారి మెరిసేవి, కారు కుయ్యిమని కూత పెట్టేది. చూడడానికి గల్లీ అంతా వచ్చింది. పక్కింటామె తునికాకు కత్తిరిస్తూ, "మా టీవీ రిమోట్ తోని గూడ తెరుసుకుంటదంట వదినా, దొంగలకు మంచిగైంది" అంది. నేనేమో వాడకం అయిపోగానే రేడియోలో సెల్లు తీసి పక్కన పెట్టే మనిషిని. దీంట్లో సెల్లు కూడా తియ్యమన్నాను.

"ఇది టార్చిలైటు గాదే అవ్వా. ఒత్తినప్పుడే ఖర్చయితది, ఊకున్నప్పుడు ఏం తాగది" అన్నాడు అబ్బాయి.

వాడు కూడా మొదట్లో టీవీకి చూపించినట్టు చెయ్యి చాపి, కారుకు గురిపెట్టి నొక్కేవాడు. అవసరం లేదని తెలిశాక, వెనక్కి తిరగకుండానే నడుస్తూ నొక్కడం అలవాటు చేసుకున్నాడు. కూత వినపడితే తాళం పడినట్టే. అయితే నెల తిరగకుండానే శేట్ ఆ కూత తీయించేశాడు. ఆటోరిక్షాలాగా నలుగురిలో కుయ్‌కుయ్‌మంటే తన పరువేం కావాలి అన్నాడట. మా అబ్బాయి నడక మాత్రం మారలేదు.

దసరాకు ముందురోజు, ఖండే నవమి నాడు, మా వాళ్లం పనిముట్లకు పూజ చేస్తాం. పీట మీద నా భర్త నాడె, నా బీడీ కత్తెర, కోడలి సూదుల డబ్బా పెట్టాను. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తి పోగు వేసే ఆ కట్టె నాడెను ఆయన పోయాక కూడా ఏటా కడిగి పూజలో పెట్టేదాన్ని. కారు శేట్ ఇంట్లో ఉన్నా, తాళం మా వాడి జేబులో ఉంది. రిమోట్ అడిగాను.

"వద్దే అవ్వా. నీళ్లు తగిల్తె ఖరాబైతది."

"మీ అయ్య నాడెకు ముప్పయ్యేండ్లు పసుపు పెట్టిన. ఖరాబైందా?"

"నాడె కట్టెది గదనే!"

"కూడు పెట్టేదాన్ని దేవుని ముంగట పెట్టకుంటే యాడ పెడ్తవ్‌రా? పట్కరా."

ఇచ్చాడు. దానికి తడి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పూజ నీళ్లు చల్లాను. పూజలో పెట్టిన పనిముట్టును తెల్లారేదాకా కదపకూడదు. ఆ నీళ్లలో, ఆ పసుపులో అది అట్లాగే ఉంది. దసరా పొద్దున కోడలు తుడిచి ఇచ్చింది. అది పనిచేసింది. "చూసినవా?" అన్నాను కూడా.

దసరా అయిన మూడో రోజు ముంబై నుంచి బేరగాళ్లు వస్తారని, కొత్త రకం టవళ్ల నమూనాల మూట తెమ్మని శేట్ వాణ్ని అద్దకం కార్ఖానాకు పంపాడు. వస్తూ దారిలో శేట్ భార్యకు మందులు కొనాలి. కొంతం చౌక్ దగ్గర కారు ఆపి, ఎప్పట్లాగే నడుస్తూ నొక్కి, దుకాణంలోకి పోయాడు. తిరిగొచ్చేసరికి వెనక సీటు మీద మూట లేదు. అద్దం పగల్లేదు, తలుపు మీద గీత కూడా పడలేదు.

శేట్ మా కులంవాడే, మా భాషవాడే. అయినా కార్ఖానాలో అందరి ముందర అడిగాడు. "తాళం ఇరగలె, అద్దం పగల్లె. రిమోట్ లేకుంటె ఆ కారు దేవునికి గూడ తెరుసుకోదు. రిమోట్ ఎవని జేబుల ఉండె? నా నమూనాలు ఎవనికి అమ్మినవ్?" వాడు నేను కాదంటుంటే ఆ బిళ్ళను వాడి మీదికి విసిరి, "గిదే చెప్పాలె ఎవడు తెరిచిండో. అడుగు పో. రేప్పొద్దుగాల పోలీసులు అడుగుతరు" అన్నాడు.

ఇంటికొచ్చిన కొడుకును నేను అడిగిన మొదటి మాట, "నువ్వు తీసినవా?" వాడు రిమోట్ నా ముందర పెట్టి లోపలికి పోయాడు. ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది.

మా గల్లీ చివర కార్ల కరెంటు పని చేసే మనిషి ఉండేవాడు. నేనే రిమోట్ పట్టుకుని పోయాను. కత్తి మొనతో దాన్ని తెరిచి చూసి నవ్వాడు.

"పెద్దమ్మా, దీన్ల కూర వండిన్రా?"

బటన్ల కింద, బిళ్ళ సెల్లు చుట్టూ పచ్చగా గట్టిపడిన పసుపు. పూజ సంగతి చెప్పాను. వాడు నవ్వడం మానేశాడు.

"సెల్లుకు పసుపు అడ్డమచ్చింది. ఒకపారి తగుల్తది, ఒకపారి తగలదు. పిలగాడు ఒత్తిండు, ఇది మాట్లాడలె."

"మరి తలుపెవడు తెరిచిండు?"

"మూస్తె గద తెరుసుడు! ఇది తాళం ఎయ్యదు పెద్దమ్మా. రేడియో లెక్క గాలిల ఒక నంబరు చెప్తది, గంతే. కారుల ఉన్న డబ్బ ఆ నంబరు గుర్తుపట్టి తాళమేస్తది. అడ్డం గోడున్నా ఇంటది. టీవీ రిమోట్ ముచ్చట ఉత్తదే. అది వెలుగు తోని పనిజేస్తది, కారుకు దాని భాష రాదు. ఇది సచ్చిపోయినా ఇనుప తాళంచెవి తోని ఎయ్యచ్చు, తియ్యచ్చు."

"పడలేదని వానికెట్ల తెల్వాలె?"

"దీపాలు మెరవాలె. పట్టపగలు ఎండల ఏం కనవడ్తయి? అందుకే కూత పెడ్తరు. మీ కారుకు కూత లేదా?"

"శేట్ తీపిచ్చిండు."

"ఇగ ఏమంటం" అని ఆ బిళ్ళను కాగితంలో చుట్టి ఇచ్చాడు.

తెల్లారి కొడుకును వెంటబెట్టుకుని కార్ఖానాకు పోయాను. గుమాస్తా పక్కనే ఉన్నాడు. కాగితం విప్పి శేట్ ముందర పెట్టి, పసుపు నేనే పెట్టానని, తాళం అసలు పడనే లేదని చెప్పాను. శేట్ గోటితో ఆ పసుపు గీకి చూశాడు. మెత్తబడ్డాడు.

"సరె పెద్దమ్మా. నీ కొడుకు దొంగ గాదు. ఇయ్యాల్టి సంది ఇనుప చెవి తోని ఏసుకోమను."

మా అబ్బాయి ఊపిరి వదలడం నా వెనక వినపడింది. అక్కడితో లేచి రావలసింది. శేట్ గుమాస్తా వైపు తిరిగి, "మగ్గం గుంతలకెళ్లి లేచినోళ్ల చేతికి రిమోట్ ఇచ్చుడు నాదే తప్పు" అని నవ్వాడు. ఆయన తండ్రి కూడా మగ్గం గుంతలో కూర్చున్నవాడే.

"నా తప్పు నేను ఒప్పుకున్న శేట్. కూత తీపిచ్చింది ఎవరు? కూత ఉంటే, అది ఇనవడనప్పుడు మా పిలగాడు ఎన్కకు తిరుగకపోతుండెనా?"

గుమాస్తా తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు. శేట్ అది చూశాడు.

"తీస్కపో నీ కొడుకును. నాకు డ్రైవర్లు శానమంది" అన్నాడు.

వేరే డ్రైవరు పని కోసం వాడు రెండు నెలలు తిరిగాడు. నమూనాల మూట సంగతి వాడికంటే ముందే అన్ని గుమ్మాలకూ చేరింది. దొంగ కాదన్న మాట శేట్ ఆ గదిలో అన్నాడు, బయట ఎక్కడా అనలేదు. ఆఖరికి మళ్లీ పవర్‌లూమ్‌కే పోయాడు. నాలుగో ఏడు వచ్చేసరికి కుడి చెవి కూడా మందగించింది. పిలవాలంటే భుజం తట్టాలి.

ఒకరోజు అన్నం తింటూ ఉన్నట్టుండి అడిగాడు. "ఆ ఒక్క మాట మింగితే ఏం పోతుండెనే అవ్వా?"

"నిజమే గదరా అన్నది" అన్నాను.

వాడికి వినపడలేదు. "ఆఁ?" అని చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు. అదే మాట రెండోసారి గట్టిగా అనడానికి నాకు నోరు రాలేదు. ఇంకొంచెం పులుసు పొయ్యనా అని చేత్తో సైగ చేశాను.