రేడియేటర్ బాగైన రోజు

ఆ రోజుల్లో తెనాలిలో కాస్త నిలదొక్కుకున్న ప్రతి వ్యాపారస్తుడికీ ఒక పాత డీజిల్ పికప్ ఉండేది. కొత్తది కొనే స్తోమత లేకనో, ఉన్నా మనసొప్పకనో, ఎవరో వాడి వదిలేసిన దాన్ని బేరమాడి తెచ్చుకుని, పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టించి, మర్నాటి నుంచి మెకానిక్ చుట్టూ తిరిగేవారు. ఇప్పుడు చప్పుడు లేకుండా జారిపోయే బండ్లను చూస్తే నాకు ముచ్చటే గానీ, ఎక్కడో వెలితిగా ఉంటుంది. బండి అన్నాక అప్పుడప్పుడూ ఆగాలి. ఆగితేనే కదా మనిషి కిందికి దిగేది, దిగితేనే కదా ఎదురుగా ఎవరున్నారో తెలిసేది! (ఇలాంటి మాటలు నడుం నొప్పి మొదలైన వయసులోనే వస్తాయని నాకూ తెలుసు. ఆ బండి తోసిన రోజుల్లో నేనూ ఇలా అనలేదు.)

మా మావయ్యది రొయ్యల మేత వ్యాపారం. డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను (తప్పింది రెండు పేపర్లే, అయినా మా నాన్న పుట్టుకతోనే తప్పినట్టు మాట్లాడేవాడు) ఆయన తన పికప్‌కు డ్రైవరుగా పెట్టుకున్నాడు. బాపట్ల గోడౌనులో మేత బస్తాలు ఎక్కించుకుని, చెరుకుపల్లి మీదుగా రేపల్లె వెళ్ళి చెరువుల వాళ్ళకు దించి, సాయంత్రానికి తెనాలి చేరుకోవాలి. ఆ పికప్‌ను మావయ్యకు అమ్మినాయన "ఒకే చేతి మీద నడిచిన బండండి, పసిపిల్లలా చూసుకున్నాం" అన్నాడు. ఆ చెయ్యి ఎవరిదో గానీ చాలా బరువైన చెయ్యి. కొన్న కొద్దిరోజులకే క్లచ్ ప్లేట్లు అరిగిపోయాయి. అవి మార్చగానే ఇంజక్టర్లు మొరాయించి, వెనక నల్లటి పొగ మొదలైంది. ఆ పొగలో చిక్కుకున్న మోటారుసైకిళ్ళవాళ్ళు పనిగట్టుకుని నా పక్కకు వచ్చి, మా తాతముత్తాతలను పేరుపేరునా పలకరించి వెళ్ళేవారు. తర్వాత సెల్ఫ్ మోటారు, ఆ తర్వాత బరువు మోసే కమాను కట్టలు. మెకానిక్ ఫోన్ చేసినప్పుడల్లా మావయ్య తల పట్టుకుని, "ఒరేయ్ అల్లుడూ, దీన్ని మనం కొన్నామా, ఇది మనల్ని కొన్నదా?" అనేవాడు.

అన్నిటికన్నా మొండి జబ్బు రేడియేటర్‌ది. ఎక్కడో సన్నగా కారేది. బాపట్ల నుంచి నిండు లోడుతో బయల్దేరి, చెరుకుపల్లి దాటాక ఉన్న కాలువ వంతెన ఎక్కి దిగేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటేది, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచేది. కొత్తల్లుడి అలకలాగా, సరిగ్గా ఒకే చోట. అక్కడ రోడ్డు పక్కనే ఒక పెంకుటిల్లు ఉండేది. వసారాలో ఒక అమ్మాయి మిషన్ మీద జాకెట్లు కుడుతూ కూర్చునేది, పక్కన మంచం మీద వాళ్ళ నాయనమ్మ. మొదటిసారి నీళ్ళడిగితే ఆ అమ్మాయి బకెట్టు తెచ్చిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. నాలుగైదుసార్లు అయ్యేసరికి, నేను దిగకముందే ఆ పెద్దావిడ, "ఏంటయ్యా అబ్బాయ్, మళ్ళీ దాహమేసిందా మీ బండికి?" అనడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి బకెట్టు నా ముందు పెట్టి, మొహంలో నవ్వు కనపడనీకుండా, "ఏవండీ, ఇది డీజిలు మీద నడుస్తుందా, మా బోరింగు మీదా?" అంది. నేను బుద్ధిగా, "డీజిలేనండి" అన్నాను.

వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మొహం కాలుతుంది. ఇంజను చల్లారే దాకా ఆగాలి. ఆ ఆగడంలోనే నాకు ప్రపంచమంతా ఉండేది. ఆ అమ్మాయి మిషన్ తొక్కుతూ మాట్లాడేది, నేను వసారా మెట్టు మీద కూర్చుని వినేవాణ్ణి. తెనాలిలో అద్దెకు చిన్న షాపు దొరుకుతుందాండీ, అక్కడ లైనింగ్ జాకెట్టుకు ఎంత తీసుకుంటారండీ, మీరు చదువెందుకు మానేశారండీ అని అడిగేది. చివరి ప్రశ్నకు నేను బండి వైపు చూపించి, "దీన్ని చూసుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదండీ" అంటే, మిషన్ ఆపి మరీ నవ్వింది. నాకు ఆ అమ్మాయంటే ఇష్టం. అది ఆ రోజే తెలిసిపోయింది. ఇక బాపట్లలో బస్తాలు ఎక్కుతున్నప్పటి నుంచీ నా కళ్ళు టెంపరేచర్ ముల్లు మీదే ఉండేవి. అది ఎక్కడ పైకి లేవదో అని భయం. ఆ ఊళ్ళో పనేమీ లేని కుర్రాడు ఒక ఇంటి ముందు బండి ఆపితే సాయంత్రానికి ఊరంతా చెప్పుకుంటారు. బండి చెడిపోతే మాత్రం ఎవరూ ఏమీ అనుకోరు. అయ్యో పాపం అంటారు.

ఇలా ఉండగా ఒకరోజు మావయ్య, "రేడియేటరే మార్చి పారేద్దాంరా" అన్నాడు. అన్నాళ్ళూ రిపేరు చేయించమని ఆయన ప్రాణం తీసిన నేను ఒక్కసారిగా పొదుపు మనిషినైపోయాను. "ఎందుకు మావయ్యా దండగ! బకెట్టు నీళ్ళతో పోయేదానికి అంత ఖర్చా? నేను చూసుకుంటాలే" అన్నాను. మావయ్య నన్ను ఎగాదిగా చూశాడు. ఆయన కళ్ళు తడిశాయి. అత్తయ్యను పిలిచి, "చూశావా, ఎందుకూ పనికిరాడన్నారు వీణ్ణి! నా డబ్బు గురించి వాడు ఎండలో నిలబడతానంటున్నాడు. మా అక్క కొడుకుని నేను అలా వదిలేస్తానా?" అన్నాడు. మర్నాడే బండి షెడ్డుకు వెళ్ళింది. మామూలు రేడియేటర్ కూడా కాదు, నా మీది ప్రేమ కొద్దీ రాగిది వేయించాడు. వాటర్ పంపు, గొట్టాలు, ఫ్యాను బెల్టు అన్నీ కొత్తవే. నా గోతిని నేనే ఎంత లోతుగా తవ్వుకున్నానో షెడ్డు బయట నిలబడి చూశాను.

ఆ తర్వాత మొదటి లోడుతో వంతెన దిగాను. ముల్లు కదల్లేదు. అయినా బండి పక్కకు తీసి, మొహం వేలాడేసుకుని, బానెట్ ఎత్తి నిలబడ్డాను. ఆవిరి ఎక్కడిది, ఏమీ లేదు. నాయనమ్మ మంచం మీద నిద్రపోతోంది. ఆ అమ్మాయి బకెట్టు తెచ్చింది, ఎప్పటిలాగే చల్లారే దాకా ఇద్దరం ఆగాం. మూత తీశాను. తను చెంబుతో పోసింది. పోసిన నీళ్ళు పోసినట్టే పొంగి నా చెప్పుల మీద పడ్డాయి.

"నిండుగానే ఉందిగా అండీ," అంది. నవ్వలేదు, కోప్పడలేదు. చెంబు చేతిలోనే పట్టుకుని నా వంక చూస్తూ నిలబడింది. నేనేదైనా చెబుతానని చూస్తోంది. అది అప్పుడే నాకు అర్థమైంది.

"కొత్త రేడియేటర్ అండి," అన్నాను. "రాగిదండి. వాటర్ పంపు కూడా మార్పించాం. ఇక ఇబ్బంది ఉండదండి."

ఆ అమ్మాయి కాసేపు రేడియేటర్ వైపు చూసింది. "మంచిదేగా అండీ," అని మిగిలిన నీళ్ళు బంతిమొక్కల్లో పోసి లోపలికి వెళ్ళింది. నేను బానెట్ మూసి రేపల్లె వెళ్ళిపోయాను. బండి అద్భుతంగా నడిచింది.

ఆ తర్వాత ఆ ఇంటి ముందు హారన్ కొట్టుకుంటూ వెళ్ళడం తప్ప ఏమీ చేయలేకపోయాను. తను తలెత్తి చూసేది. రేపు ఆగుదాం, ఎల్లుండి ఆగుదాం అనుకుంటూనే వర్షాలు వచ్చి వెళ్ళాయి. ఒకరోజు వసారాలో మిషన్ లేదు. వెంటనే బ్రేకు వేశాను. నాయనమ్మ నన్ను గుర్తుపట్టి, "రావయ్యా! పిల్లకి పెళ్ళయిపోయింది, బాపట్ల ఇచ్చాం. నీక్కూడా శుభలేఖ ఇమ్మని మరీమరీ చెప్పిందయ్యా. ఇద్దామంటే నువ్వు ఆగితేగా!" అంది. బాపట్ల అంటే నేను రోజూ బస్తాలు ఎక్కించుకునే ఊరే. మంచినీళ్ళు తాగి వెళ్ళమంటే తాగి వచ్చాను.

ఇప్పుడు నా కారుకు ఏ జబ్బూ లేదు. అయినా రేపల్లె వెళ్ళేటప్పుడు ఆ వంతెన దిగగానే నా కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళుతుంది. "ఏమైందండీ, ఏమన్నా అడ్డొచ్చిందా?" అంటుంది మా ఆవిడ. "ఏం లేదులే" అంటాను. ఒక అమ్మాయి మాట కోసం ఎదురుచూస్తుంటే రాగి గొప్పతనం వివరించిన ఆ కుర్రాడు రోడ్డు పక్కన తడిసిన చెప్పులతో నిలబడి కనిపిస్తాడు. వాణ్ణి తిట్టాలనిపించదు. వాడి వంక చూసి నవ్వి, మెల్లగా గేరు మారుస్తాను.