పద్మినికి ప్లగ్ వైర్లు

మా బావ గడప దాటక పదిహేను రోజులైంది. ఈ ప్రయాణం అందుకే.

పోయినేడు పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయనకు కుడిచెయ్యీ, మాటా రెండూ పోయాయి. నడక కొంత తిరిగొచ్చింది గానీ "ఊఁ", "ఉహుఁ" తప్ప నోట మాట రాదు. రోజూ సాయంత్రం మా అక్క ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన ప్రాణంగా చూసుకున్న పాత పద్మిని కారులో బాచుపల్లి చుట్టూ తిప్పుకొచ్చేది. ముసురు పట్టాక ఆ కారు కుదుపులివ్వడం మొదలెట్టింది. ఒకరోజు బావ సగం దారిలోనే తలుపు తీయబోయాడు. మళ్లీ ఎక్కలేదు. పాపం, భయపడ్డాడనుకున్నాను.

ఇంజనుకు నిప్పురవ్వ అందించే ప్లగ్ వైర్లు పగిలిపోయాయనీ, తడికి కరెంటు బయటికి పోతోందనీ మెకానిక్ చెప్పాడు. పోయిన ఆదివారం వెళ్లినప్పుడు "నేను తెస్తాలేవే" అని అక్కకు మాటిచ్చి, పాత వైరు ఒకటి పీక్కొచ్చాను. నమూనా చూపించందే ఈ ఊళ్లో స్పేర్‌పార్ట్స్ దుకాణంవాళ్లు మనతో మాట్లాడరు.

శనివారం పదకొండింటికి మణికొండలో ఆటో ఎక్కి రాయదుర్గం మెట్రో స్టేషన్‌కు చేరాను. తనిఖీ యంత్రంలోంచి అందరి సంచులూ వచ్చాయి, నాది తప్ప.

"ఏందక్కా గిది? పాముపిల్లనా?" అంది సెక్యూరిటీ అమ్మాయి తెర వంక చూస్తూ.

"కారు వైరమ్మా."

"కారు పెట్టుకొని మెట్రోల తిరుగుతున్నవా?" అని నవ్వి వదిలేసింది.

అమీర్‌పేటలో దిగి మియాపూర్ వైపు రైలు మారాలి. మెట్లెక్కి దిగే జనంలో కాస్త నిదానం అవసరం. రెండో రైల్లో నా పక్కన కూర్చున్న పెద్దాయన నా ఒళ్లోని వైరును గుర్తుపట్టారు. "పద్మినిదా అండి? మా పెళ్లి ఊరేగింపు అందులోనేనండి" అని దాన్ని ఓసారి చేతిలోకి తీసుకుని చూసి ఇచ్చారు. ఆ కారు పేరు చెబితే చాలు, ఈ వయసువాళ్లందరి మొహాలూ వెలిగిపోతాయి.

బాలానగర్‌లో దిగి కొంచెం నడిస్తే దుకాణాల వరస. లేతు మిషన్ల రొదలో గట్టిగా అరిస్తే తప్ప మాట వినపడదు. నేను వెళ్లిన దుకాణాయన వైరు అందుకోకుండానే, "మీ సార్ రాలేదా అక్కా?" అన్నాడు.

"ఆయనకి స్పానర్ ఎటువైపు పట్టుకోవాలో తెలీదు. మీరు వైరు చూడండి."

ఆయన నవ్వుకుంటూ రెండు పాకెట్లు బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో రాగి తీగ ఉన్న ఎర్ర వైర్లు, లావుగా నిగనిగలాడుతున్నాయి. రెండోదాంట్లో కార్బన్ తీగ ఉన్న నల్లవి. చూడ్డానికి ఉత్త నీరసం.

"రాగిది మస్తు మజ్బూత్. కార్బన్‌ది జర నాజూకు, వైరు పట్టి గుంజితే ఖరాబైతది. గని బండ్ల రేడియో ఉంటే కార్బన్‌దే పెట్టుకోవాలె. రాగిదైతే పాటలల్ల బరబర వస్తది. రేడియో ఉన్నదా?"

"ఉందిలెండి. ఈ రోజుల్లో రేడియో ఎవరు వింటారు? ఫోన్లున్నాయిగా!" అని ఎర్రవి కొనేశాను. పైగా గంటసేపు ఇంటర్నెట్టులో చదివొచ్చానన్న ధీమా ఒకటి.

మళ్లీ ప్లాట్‌ఫారమెక్కి, భోజనానికొస్తున్నానని అక్కకు ఫోన్ చేశాను. గొప్పగా ఈ రేడియో ముచ్చట కూడా చెప్పాను.

"అయ్యో, పిచ్చిదానా! ఆయన కారెక్కేదే రేడియో కోసమే. పాత పాటలొస్తే పెదాలు కదుపుతారు. ఈమధ్య అందులో బరబర తప్ప ఏమీ రావట్లేదు. అందుకే కదా ఆ రోజు దిగిపోబోయింది."

"మరి ఆ ముక్క ముందే చెప్పొద్దూ?"

"కారు బాగైతే అదీ బాగవుతుందనుకున్నానే."

నాకు ఒళ్లు మండింది, అక్క మీద కాదు, నా మీదే. రైలొచ్చింది, వెళ్లిపోయింది. నేను మెట్లు దిగి వచ్చిన దారినే పరుగులాంటి నడకతో దుకాణానికి వెళ్లాను. ఆయన డబ్బా విప్పి అన్నం తింటున్నాడు.

"నేను చెప్పలే?"

"చెప్పారు. నాకే బుర్ర లేదు."

"ఫికర్ జెయ్యకు. పాకెట్ చింపలే గదా, తీస్కపో" అని ఎడమచేత్తోనే నల్లవి ఇచ్చాడు.

మియాపూర్‌లో దిగి షేర్ ఆటోలో ఇరుక్కుని బాచుపల్లి చేరేసరికి ఆకలి దంచేస్తోంది. అక్క ముద్దపప్పు, ఆవకాయ వడ్డించింది. తిన్నాక ఇద్దరం బానెట్ ఎత్తాం. పాతది ఒకటి తీయడం, దాని చోటే కొత్తది పెట్టడం. అన్నీ ఒకేసారి పీకితే ఏది ఎక్కడిదో తికమకై ఇంజను మొరాయిస్తుంది. బావ వరండాలో కూర్చుని చూస్తున్నాడు. పిలిస్తే "ఉహుఁ" అన్నాడు.

అక్క తాళం తిప్పింది. కుదుపు లేదు. రేడియో పెట్టింది. ఎవరో పాతకాలపు గాయని, పక్క గదిలో కూర్చుని పాడుతున్నంత స్పష్టంగా వినిపించింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, అంతే. కాసేపటికి చేతికర్ర చప్పుడైంది. బావ తలుపు తీసుకుని తన సీట్లో కూర్చున్నాడు.

నన్ను మియాపూర్ స్టేషన్ దగ్గర దింపుతానంది అక్క. వెనక సీట్లో నేను, ముందు వాళ్లిద్దరూ. దారి పొడవునా బావ పెదాలు కదుపుతూనే ఉన్నాడు. స్టేషన్ ముందు అక్క కారు పక్కకు తీయబోయింది. బావ ఎడమచెయ్యి చాచి స్టీరింగు మీదున్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపకు."

ముద్దగానే వచ్చింది గానీ మాటే. ఏడాదిలో మేం విన్న మొదటి మాట. అక్క కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి వదిలించుకోలేదు. ఆపలేదు.

అలా హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో, అద్దాల మేడల మధ్య, పాటలు వింటూ మణికొండ దాకా వచ్చేశాం. ఈ దారిలో రోజూ విసుక్కుంటూ వెళ్లే మనిషిని, ఇవాళ ప్రతి ఎర్ర దీపం దగ్గరా ఇంకాసేపు ఆగితే బాగుండుననుకున్నాను. పాత కారుకు వైర్లు కొనబోయేవాళ్లు నమూనా తీసుకెళ్లండి. దాంతోపాటు ఆ కారులో కూర్చునేవాళ్లు ఏం వింటారో కూడా కనుక్కుని వెళ్లండి. మా గేటు ముందు దిగుతూ "వస్తాను బావా" అన్నాను. ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. పాట సగంలో ఉంది మరి.