గాజు నీది, సీసం నాది

మా మావయ్య, అంటే మా ఆయన తండ్రి, పోయారు. ఆసుపత్రి నుంచి పొద్దున్న లోకల్ బండిలో వచ్చిన మా ఆయన చెప్పులు విప్పకుండానే గడప మీద కూర్చుని, "నాన్న పోనాడు" అన్నారు. నేనప్పుడు వరండాలో బల్ల దగ్గర నిలబడి నీలం గాజు కోస్తున్నాను. గీత సగంలో ఉంది. మధ్యలో ఆపితే ముక్క పాడవుతుంది కాబట్టి చివరిదాకా గీసి, అప్పుడు కట్టర్ కింద పెట్టాను. మావయ్య నేర్పిన పద్ధతే అది. అయినా ఆగని నా చెయ్యి మీద నాకే కోపం వచ్చింది.

రంగు గాజు దీపాన్ని మీరు ఏ పెద్ద హోటల్లోనో చూసే ఉంటారు. చిన్న చిన్న గాజు ముక్కల అంచులకు సన్నని రాగి పట్టీ చుట్టి, సీసం, తగరం కలిపిన తీగను కరిగించి వాటిని అతుకుతారు. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు నుంచి రేవు పనికని కలకత్తా వచ్చిన మావయ్య, పాత చర్చిల కిటికీలు బాగుచేసే ఒక కార్ఖానాలో కుదిరి ఈ విద్య పట్టుకున్నారు. గేటుకి యూనియన్ జెండాలు ఎగురుతుండగానే దానికి తాళం పడింది. ఆ తరవాత కలకత్తా పక్కనే సంత్రాగాఛిలో, మా ఆయనకి రైల్వే వాళ్ళిచ్చిన క్వార్టర్ వరండాయే ఆయన కార్ఖానా.

పెళ్ళయిన కొత్తలో ఆయనకి టీ ఇచ్చి, పని చూస్తూ అక్కడే నిలబడిపోయేదాన్ని. మా వాళ్ళలో కోడలు మావగారి ఎదుట కూర్చోదు. కొన్నాళ్ళు చూసి ఆయనే కట్టర్ నా చేతికిచ్చారు.

"గాజు నిలబడే కొయ్యాల. మన ఆచారం ఈ పనికి బాగా సరిపోనాదమ్మా" అని నవ్వారు.

"ఒక్కపాలే గియ్యి. రెండోపాలి గీస్తే గాజు మాట ఇనదు" అనేవారు. ఇంటి పక్కనే యార్డు. గూడ్సు వస్తే బల్ల వణుకుతుంది. "ఎళ్ళనీ" అనేవారు. బండి పోయేదాకా ఇద్దరం చేతులు గాలిలో పెట్టుకుని నిలబడేవాళ్ళం. నేను ఆయన ముఖం తీరిగ్గా చూసింది ఆ కాసేపే.

మొదటిసారి శంఖుపూల దీపానికి నీలం నేనే ఎంచాను. బల్ల మీద పెట్టి చూస్తే ఎంత బాగుందో. తీరా బల్బు వెలిగిస్తే పూలన్నీ సిరా ఒలికినట్టున్నాయి. "ఏటమ్మా, పూలకి చీకటి పడిపోనాదా? గాజుని పైనుంచి సూడకు. ఎనకాల ఎలుగెట్టి సూడు" అన్నారు. ఆ మాట నాకు గాజు దగ్గరే కాదు, మనుషుల దగ్గరా పనికొచ్చింది.

అంతా నేర్పారు, అతుకు తప్ప. సీసం కరిగించే రాగి కడ్డీ వేడెక్కిందంటే చాలు, "గాజు నీది, సీసం నాది. లోపలికెళ్ళు" అనేవారు. లోడ్ షెడింగ్‌తో కరెంటు పోతే బొగ్గుల కుంపటిలో కడ్డీ కాల్చి, ఆ పొగలోనే వంగి పనిచేసేవారు. కోడలినని సగం విద్య దాచుకుంటున్నారని నాకు లోలోపల ఉడుకుగా ఉండేది.

కిందటేడు ఆయన కుడి మణికట్టు వాలిపోయింది. టీ గ్లాసు చేతిలో నిలిచేది కాదు. ఏళ్ళ తరబడి సీసం ఒంట్లో చేరిందని, కిడ్నీలు కూడా చెడ్డాయని డాక్టర్లు చెప్పారు.

"మీకు ముందే తెలుసా మావయ్యా?" అని అడిగాను.

"ఎరుగుదును. కార్ఖానాలో పెద్దోళ్ళ సేతులు ఇలాగే వాలిపోనాయి. అందుకే నిన్ను రానియ్యలేదు."

"మరి మీరెందుకు మానలేదు?"

గూడ్సు వచ్చింది. ఆగాం. అది వెళ్ళిపోయాక ఆయన ఎడమ చేత్తో టీ గ్లాసు అందుకున్నారు.

అప్పటికి మరో శంఖుపూల దీపం, ఈసారి లేత నీలంతో, అచ్చు మీద అతుకుల కోసం ఎదురుచూస్తోంది. దాన్ని పాత సామాను వాడికి ఇచ్చేద్దామన్నారు మా ఆయన. నేను ఒప్పుకోలేదు. మావయ్య రోజూ దాన్ని చూస్తూ ఉండేవారు. ఒక మధ్యాహ్నం పిలిచి, తన స్టూలు నా వైపు జరిపారు.

"కూకో."

ఆయన ఎదుట నేను కూర్చోవడం అదే మొదలు. కిటికీ తియ్యమన్నారు. ఫ్యాను బయటి వైపు తిప్పమన్నారు. ముక్కుకి గుడ్డ కట్టుకోమన్నారు, సబ్బుతో కడగనిదే చెయ్యి నోటి దగ్గరికి పోనివ్వద్దన్నారు. "ఇయ్యేవీ నాను సెయ్యలేదు. నువ్వు సెయ్యి" అని, వాలిన చేతిని రెండో చేత్తో పట్టుకుని పక్కన నిలబడ్డారు. నా అతుకులు గడ్డలు కట్టాయి. ఆయన విసుక్కోలేదు. చీకటి పడేవేళకి పైవైపు పూర్తయింది. "లోపలి వైపు రేపు" అన్నారు. ఆ రేపు ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

పెద్దకర్మ అయ్యాక కడ్డీ బయటికి తీశాను. మా ఆయన చూశారు.

"మా నాన్నని తిన్నాది ఇదే. ఒగ్గేయ్" అన్నారు.

నాకూ భయమే. చేస్తున్నది సరైనదో కాదో ఇప్పటికీ తెలియదు. ఆయన్ని చంపిన పని మీద ఇంత ప్రేమ ఎలా ఉందో కూడా తెలియదు. కానీ లోపలి అతుకులు లేకపోతే బల్బు వేడికి ఆ దీపం నిలవదు. మావయ్య చెప్పినవన్నీ చేసి, ఆయన స్టూలు మీద కూర్చున్నాను. దీపాన్ని బోర్లించాను. పైన వెండిలా మెరిసే గీతలు, లోపల ఇంకా పచ్చి రాగి.

కాసేపు తటపటాయించి మా ఆయన దగ్గరికొచ్చారు. దీపం కదలకుండా పట్టుకుంటానని చెయ్యి చాపారు.

"మీరు లోపలికెళ్ళండి. సీసం నాది" అన్నాను.

ఆయన వెళ్ళలేదు, గడప దాకా వెనక్కి జరిగి నిలబడ్డారు. అంతలో గూడ్సు వచ్చింది. దీపంలో నీలం ముక్కలు సన్నగా గలగలమన్నాయి. కాలిన కడ్డీని గాలిలో పట్టుకుని బండి వెళ్ళేదాకా ఆగాను. "ఎళ్ళనీ" అని ఎవరూ అనలేదు.