పసుపు పూసిన మేకపిల్ల

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆర్మూరు పశువుల దవాఖానాలో సహాయకుడిగా అప్పుడే చేరిన నేను ఎదురుపడ్డ వాళ్లందరికీ మేకల పెంపకం మీద ఉపన్యాసమిచ్చేవాణ్ణి. (మేకలే నయం, కట్టేసి ఉండేవి కాబట్టి చివరిదాకా వినేవి.) పసుపు మార్కెట్లో కూలికి పోయే మా మేనత్తకు ఒకే ఒక్క మేక. అంతకుముందు రెండు ఈతల్లోనూ దాని పిల్లలు బొడ్డు వాచి చచ్చిపోయాయి. మళ్లీ చూడి కట్టాక అత్త నా చేయి పట్టుకుని, "గీ పిల్లనన్న దక్కాలె అల్లుడా, నా పానం ఆగుతలేదు" అంది. "పుట్టంగనే బొడ్డుకు మందు పెట్టాలె, జల్ది ముర్రుపాలు తాగియ్యాలె, గంతే!" అని ధీమాగా చెప్పి, టించర్ సీసా రేపు తెస్తానన్నాను. మేకకు నా రేపుతో పనేముంది? తెల్లారేసరికి ఈనేసింది.

సీసా పట్టుకుని వాకిట్లో అడుగుపెట్టాను. పిల్ల నెత్తి నుంచి తోక దాకా పసుపు! చెవులు పసుపు, మూతి పసుపు, గిట్టలు కూడా పసుపే. ఇంట్లో ఇంత పసుపుండగా సీసా మందెందుకని, బొడ్డుతో మొదలుపెట్టిన అత్త చేయి ఆగక ఒళ్లంతా పట్టించింది. (పెళ్లికూతురికి కూడా అంత దట్టంగా పూయరు.) అంతకన్నా ఘోరం, తల్లికి పిల్ల వాసనే అందలేదు. ఒకసారి మూతి దగ్గర పెట్టి చూసి, తుమ్మి, కొమ్ములతో నెట్టేసింది. "నీ బిడ్డనేనే గిది! జర పాలియ్యే!" అని అత్త మేక ముందు కూర్చుని బతిమాలుతోంది. పిల్ల పడుతూ లేస్తూ పొదుగు వైపే వెళుతోంది, మేక తన్నుతోంది. ఇదీ పోతుందేమోనని సీసా పక్కన పడేసి పరుగెత్తాను.

గోరువెచ్చని నీళ్లతో కడిగాం. ఆర్మూరు పసుపు అంత తేలిగ్గా వదులుతుందా! చివరికి నేను మేకను గోడకు అదిమి పట్టుకుని, "దాని పాలే పిండి పిల్లకు రాయి అత్తా!" అని అరిచాను. అత్త ముర్రుపాలు పిండి పిల్ల వీపుకు, తోకకు రాసింది. మేక వాసన చూసింది, మళ్లీ చూసింది, నాకడం మొదలుపెట్టింది. ఆ సందులో పిల్ల చటుక్కున చన్ను అందుకుంది. (మేక నాలుక ఆ పూటంతా పచ్చగానే ఉంది.)

మరునాడు వెళ్తే అత్త వాడకట్టు ఆడవాళ్లందరికీ చెబుతోంది: "పసుపు పెట్టంగనే పానమొచ్చింది పో! మా అల్లుడే చెప్పిండు." నా చదువేమైనట్టు? నా సీసా ఏమైనట్టు? కాదని చెప్పబోయేసరికి అత్త ఒళ్లో పిల్ల ఆమె కొంగు చప్పరిస్తోంది, అత్త కళ్లలో నీళ్లు. "దక్కింది అల్లుడా" అంది. అప్పుడు కూడా "అది పసుపుతో కాదత్తా" అనాలనే నా ఆరాటం! ఇప్పుడు తలచుకుంటే ఆ కుర్రవాడి మీద నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. బతికిన పిల్ల కళ్లెదుటే ఉంటే, వాడి బాధల్లా మందు పేరు తప్పు చెప్పారనే.